యూదుల ధర్మశాస్త్రమున శోకమునకు మేర, సంతోషమునకు మేర

కష్టసుఖములు కావడికుండలని మనవారందురు. కావడి మోయువాడు రెండు కుండలను సరితూకమున నిలుపనిచో నాలుగడుగులైనను సాగజాలడు. ఈ మాట యందఱెఱిగినదే యైనను, ఇంట మరణము సంభవించిననాడు దీనిని జ్ఞప్తియం దుంచుకొనువారు అరుదు. ఒక యింట ఏండ్లు గడచినను పండుగదీపము వెలుగదు; పిల్లలు నవ్వినను పెద్దలు కసరుకొందురు. మఱియొక యింట పదిదినములైనను గడవకమున్నే గతించినవారి పేరెత్తుట తప్పగును. మొదటిది బ్రదికియున్నవారికి చేయు నన్యాయము. రెండవది చనిపోయినవారికి చేయు నన్యాయము. ఈ రెంటి నడుమనుండు దారి యేదియను ప్రశ్నను విడువక రెండువేల యేండ్లుగా విచారించి, దానికి ధర్మశాస్త్రరూపమున నుత్తరము వ్రాసికొన్న జాతి యొకటి కలదు. అది యూదుల జాతి. వారి చరిత్రమునందలి యీ భాగమును మా చదువరులకు తెలుపవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాము.

యూదులకు ఈ విచారము ఒక యింటి దుఃఖమువలన గాక జాతియంతటి దుఃఖమువలన పుట్టినది. యెరూషలేము నగరమునందలి దేవాలయము వారికి ఏకైక యజ్ఞస్థానము. దానిని క్రీ. పూ. 586లో బబులోనువారు మొదటిసారి నాశము చేసిరి. మరల కట్టుకొనిన యాలయమును క్రీ. శ. 70లో టైటసు నాయకత్వమున రోమను సేనలు తగులబెట్టినవి. బలిపీఠము పోయినది, యాజకుల పని పోయినది, సంవత్సరమున మూడుమారులు దేశము నలుమూలలనుండి యాత్రకు వచ్చుటయు నిలిచినది. వేలకొలది జనులు చచ్చిరి, వేలకొలది జనులు దాసులుగా నమ్ముడుపోయిరి. మిగిలినవారి యెదుట నిలిచిన ప్రశ్న ఒక్కటే: ఇట్టి నష్టమునకు పిదప మనుష్యుడు కడుపునిండ భుజించుట, పెండ్లి చేసికొనుట, ఇల్లు కట్టుకొనుట యుక్తమా?

యుక్తము కాదని తలచినవారు అనేకులు బయలుదేరిరి. వారు మాంసము మానిరి; ద్రాక్షారసము మానిరి. వారి కథ తల్మూదు గ్రంథమున కలదు. తల్మూదనగా యూదపండితుల ధర్మచర్చలును కథలును ఇతిహాసములును ఒక్కచోట కూర్చిన మహాసంగ్రహము. అందు రబ్బీ యెహోషువ బెన్ హనన్యా యను పండితుడు ఈ విరక్తులను కలిసికొని, మీరేల యిట్లు చేయుచున్నారని యడిగెను. బలిపీఠముపై నర్పించు మాంసమును, దానిపై ధారవోయు ద్రాక్షారసమును ఇప్పుడు లేకపోగా వానిని మేమెట్లు పుచ్చుకొందుమని వారు బదులుచెప్పిరి. అట్లయిన రొట్టెయు తినరాదు, పిండినైవేద్యములును నిలిచిపోయినవి కదా యని యాయన యనెను. పండ్లతో బ్రదుకుదుమని వారనిరి. ప్రథమఫలముల యర్పణమును నిలిచినదే యని యాయన తెలిపెను. వేఱుజాతుల పండ్లు తిందుమని వారనగా, నీరును త్రాగరాదు, జలధారయు నాలయమున జరుగుచుండినదే యని యాయన గుర్తుచేసెను. వారు మాటలాడక యూరకుండిరి.

వాదమున గెలిచి యాయన వెడలిపోలేదు. వారిని బిడ్డలుగా సంబోధించి రెండుమాటలు చెప్పెను. బొత్తిగా శోకింపకుండుట సాధ్యము కాదు, ఏలయన విపత్తు కలిగియే యున్నది. మితిమీఱి శోకించుటయు సాధ్యము కాదు, ఏలయన జనులలో నధికసంఖ్యాకులు భరింపజాలని కట్టడిని సంఘముపై విధింపగూడదు. ఈ రెండవ మాటను చదువరులు కొంచెము నిలిచి యాలోచింప వేడెదము. ఆయన శోకమును నిందింపలేదు. విరక్తుల భక్తిని శంకింపలేదు. సామాన్య గృహస్థుడు, వాని భార్య, వాని బిడ్డలు మోయగలిగిన బరువెంతయని యడిగెను. ఆ బరువే ధర్మమునకు కొలత యయ్యెను.

ఈ మాట సుఖమున పెరిగినవాని నోట వచ్చినది కాదు. యెహోషువ లేవీయుల వంశమువాడు. ఆలయము నిలిచియున్న దినములలో గాయకులతోగూడ సేవచేసినవాడు. కనుక పోయినది ఆయన సొంత కొలువు, ఆయన సొంత పాట. ఆ పిదప ఆయన కమ్మరము వంటి పనిచేసి పొట్టపోసికొన్న బీదవాడు. దుఃఖము తెలియనివాడు దుఃఖమునకు మేర వేసిన నది యుపన్యాసమగును. పోగొట్టుకొన్నవాడు వేసిన మేర గనుకనే జనులు దానిని శిరసావహించిరి.

ఇక ఆయన విధించిన దేమనగా: ఇల్లు కట్టుకొనువాడు గోడలకు సున్నము పూసికొనవచ్చును, కాని కొంచెము చోటు పూయక విడువవలెను. విందు చేయువాడు సమస్తము వండించుకొనవచ్చును, కాని యేదో యొక చిన్న వంటకము మానవలెను. స్త్రీ తన యాభరణము లన్నియు ధరింపవచ్చును, కాని యొక్క చిన్న యలంకారమును విడువవలెను. విడువవలసిన చోటు మూరెడు పొడవు మూరెడు వెడల్పని యొక పండితుడు నిర్ణయించెను. అది గుమ్మమున కెదురుగా నుండవలెనని మఱియొకడు చెప్పెను. మానవలసిన వంటకము చిన్న చేపల వేపుడువంటిదైన చాలునని వేఱొకడు వివరించెను. పెండ్లికొడుకు నొసట చిటికెడు బూడిద యుంచుటయు నాచారమయ్యెను.

ఈ విధానమునందలి వివేకము గమనింపదగినది. ఇల్లు ఇల్లుగానే యుండును. విందు విందుగానే యుండును. వచ్చినవాడు గుమ్మము దాటగనే యెదుటి గోడపై మూరెడు బోసిచోటు కంటబడును. ఆ యింట జ్ఞాపకమునకు స్థల మున్నది, కాని యది యిల్లంతయు నాక్రమింపలేదు. పదునాఱవ శతాబ్దమున యోసేపు కారో యను పండితుడు రచించి, 1565లో వెనిసు నగరమున ముద్రింపించిన షుల్హాన్ ఆరూఖ్ అను ధర్మసంగ్రహమున నీ నియమములు మరల చేర్పబడినవి. నేటికిని కొన్ని యూదగృహములలో గుమ్మమున కెదురుగా నట్టి చోటు కానవచ్చును.

పెండ్లిలో గాజుపాత్రను పగులగొట్టు నాచారమును ఈ వరుసలోనిదే. బబులోను దేశమున రవీనా కుమారుడగు మార్ అను పండితుడు తన కుమారుని వివాహమున పెద్దలందఱు మేరమీఱి సంతోషించుట చూచి, 400 జూజుల వెలగల పాత్రను తెప్పించి వారి యెదుట పగులగొట్టెనట. రవ్ ఆషి యనువాడును తన కుమారుని పెండ్లిలో నిట్లే తెల్లని గాజుపాత్రను పగులగొట్టెను. అందఱు ఒక్కసారి నిశ్శబ్దులైరని కథ. నేడును యూదుల పెండ్లిపందిట వరుడు కాలితో గాజుపాత్రను త్రొక్కి పగులగొట్టును. అది యెరూషలేము నాశమునకు జ్ఞాపకమని చెప్పుకొందురు. శోకమునకు మేర వేసిన శాస్త్రమే సంతోషమునకును మేర వేసినది.

జాతిశోకమునకు కొలత యిట్లుండగా, ఇంటిశోకమునకు కొలత దినములలో నేర్పడినది. మరణము మొదలు ఖననమువఱకు నొక దశ. అప్పుడు దగ్గఱి బంధువునకు ప్రార్థనాది విధు లేవియు లేవు. చనిపోయినవారిని సాగనంపుట యొక్కటే వాని పని. ఆ సమయమున వాని నోదార్పను రాదు. శవమెదుట నుండగా నోదార్పు చెవి కెక్కదని శాస్త్రకారు లెఱుగుదురు. ఖననము పిదప ఏడుదినములు. దీనిని షివా యందురు. అప్పుడు చినిగిన వస్త్రముతో, తోలుచెప్పులు లేక, నేలకు దగ్గఱగా నింటనే కూర్చుండవలెను, పనికి పోగూడదు. ఆ పిదప ముప్పది దినములవఱకు క్షౌరము, వేడుకలు కూడవు గాని పనికి పోవచ్చును. తల్లికొఱకును తండ్రికొఱకును మాత్రము పండ్రెండు మాసములు ఉత్సవములకు దూరముగా నుండవలెను. భార్యకు, భర్తకు, బిడ్డకు, తోబుట్టువునకు ముప్పది దినములతో శాస్త్రోక్తమైన శోకము ముగియును.

మూడుదినములు కన్నీటికి, ఏడుదినములు గుణకీర్తనమునకు, ముప్పదిదినములు వేషనియమమునకు అని తల్మూదు విభజించినది. అంతకు మించి యేడ్చువానితో దేవుడే, నీవు నాకంటె దయగలవాడవా యని యడుగునని పండితుల భావము. ఏడవదినమున ఉదయము కొంతసేపు కూర్చుండిన చాలును, దిన మంతయు గడచినట్లే లెక్క. లేచుటకు వేళ కాగానే లేవవలెను.

ఈ ఏడుదినములలో ఇరుగుపొరుగువారి ధర్మము గొప్పది. ఖననమునుండి వచ్చిన పిదప మొదటి భోజనమున శోకించువాడు తన యింటి యన్నము తినరాదు. పొరుగువారు తెచ్చి పెట్టవలెను. సాధారణముగా గ్రుడ్లును చిఱుసెనగలవంటి గుండ్రని పప్పుగింజలును అందుండును. శోకము చక్రమువలె నొకరినుండి యొకరికి తిరుగుచుండునని దాని కర్థము చెప్పుదురు. మా కంతకంటె మొదటి నియమమే యర్థవంతముగ తోచుచున్నది. ఆప్తులను మన్నుచేసి వచ్చినవాడు తనంతతాను పొయ్యి రాజేసికొని తినలేడు, తినకయు నుండరాదు. ఒక్కపూట యన్నమును ఊరివారి బాధ్యతగా చేసి శాస్త్రము వానిని బ్రదుకువైపు మరల్చినది.

పరామర్శకు వచ్చినవారు శోకించువాడు నోరు విప్పువఱకు తాము మాటలాడరాదు. ఎట్లు జరిగెను, ఏ వైద్యుని పిలిచితిరి, ఆ మందేల యీయరైతిరి యను ప్రశ్నలతో గాయమును కెలకువారు ప్రతిదేశమున కలరు. ఊరక కూర్చుండుటయే యోదార్పని చెప్పిన శాస్త్రము వారి నోటికి తాళమువేసినది.

తల్లిదండ్రులు పోయిన కుమారుడు పదునొకండు మాసములు కద్దీషు అను ప్రార్థనను ప్రతిదినము సమాజమునడుమ నిలిచి చెప్పును. ఇది యధికభాగము అరమాయిక భాషలోనిది. ఇందు మరణమను మాటయే లేదు. దైవనామము ఘనత నొందుగాక యను స్తుతియే యున్నది. దీనిని చెప్పుటకు పదిమంది పురుషుల సమాజము కావలెను గనుక, శోకించువాడు ఇంట మూలగూర్చుండుటకు వీలులేదు. దినమునకు మూడుపూటలు తోడివారి నడుమకు రావలెను.

మేము ఈ శాస్త్రచరిత్రమున మిక్కిలి గౌరవించు భాగము వేఱొకటి కలదు. పూర్వము యూదులలోను చావు ధనికులకు వేడుకగాను బీదలకు సిగ్గుగాను నుండినది. శోకగృహమునకు ధనికులు వెండిబంగారు బుట్టలలో నాహారము తెచ్చుచుండిరి. బీదలు చెక్కిన చువ్వల బుట్టలలో తెచ్చుచుండిరి. బీదలు సిగ్గుపడుచుండగా, ఇకమీదట నందఱును చువ్వల బుట్టలలోనే తేవలెనని కట్టుబాటు చేసిరి. ధనికుల యింట తెల్లని గాజుపాత్రలలోను బీదల యింట రంగుగాజులోను పానీయము పోయుచుండగా, అందఱికి రంగుగాజే యని యేర్పఱచిరి. ధనికుల శవముల ముఖములు తెఱచియుంచి, కఱవులో నల్లబడిన బీదల ముఖములను కప్పుచుండిరి. ఇక నందఱి ముఖములను కప్పవలెననిరి. తక్కువచేయబడినవానిని పైకెత్తి సమానము చేయుటకు ధనము లేనిచోట, ఎక్కువగలవారు క్రిందికి దిగి సమానులగుట యొక్కటే మార్గము. ఆ మార్గమునే వారు పట్టిరి.

అన్నిటికంటె శవమునకు కట్టు వస్త్రముల ఖర్చు ఘోరముగా నుండినది. చావుకంటె చావుఖర్చే బంధువులకు కష్టమై, కొందఱు శవమును విడిచి పాఱిపోవుచుండిరని తల్మూదు చెప్పుచున్నది. అప్పుడు రబ్బాను గమలీయేలు తన గౌరవమును లెక్కింపక, తన్ను సాధారణమైన యవిసెనారబట్టలో సాగనంపునట్లు చేసెను. ఆయన ధనవంతుడు, జనులకు నాయకుడు. ఆయనయే యట్లు పోగా ఇక నెవడు సిగ్గుపడును? జనులందఱు ఆ మార్గము నవలంబించిరి. కాలక్రమమున ఒక జూజు వెలగల ముతకబట్టయు చాలునను స్థితికి వచ్చినది. నేటికిని యూదులలో ధనికుడును బీదయు ఒకే విధమగు తెల్లని సాదాబట్టలో ఖననము చేయబడుదురు.

ఈ గమలీయేలు యవ్నె యను పట్టణమున పండితసభకు అధ్యక్షుడైనవాడని సాధారణముగా చెప్పుదురు. అట్లయిన మన యెహోషువకు నాయనకు నడచిన వైరమును చెప్పక తీఱదు. ధర్మవివాదమున ఆయన యెహోషువను సభలో నిలువబెట్టి యవమానింపగా, సభవారు కోపించి ఆయనను పదవినుండి తొలగించిరి. క్షమాపణ వేడుటకై ఆయన యెహోషువ యింటికి పోయి, మసిబాఱిన గోడలు చూచి, నీవు కమ్మరపు పనివాడవని నీ గోడలే చెప్పుచున్న వనెను. పండితులు ఎట్టి కష్టముతో బ్రదుకుచున్నారో యెఱుగని నీవు నాయకుడవైన యీ తరమునకు విచారింపవలెనని యెహోషువ బదులుచెప్పెను. తుదకు క్షమించెను. సంస్కర్తలని పేరుపొందగోరువారందఱు ఆ మసిగోడలను ఒక్కసారి చూచిరావలెనని మా యభిప్రాయము. శాసనము చేయుట సులభము; తన యింటినుండి, తన శవమునుండి దానిని ప్రారంభించుట కష్టము.

ఇక శోకమును సంతోషమును ఒకే దినమున ఒకే గుమ్మము తట్టినచో నేమి చేయవలెను? శాస్త్రకారులు ఈ ప్రశ్నకు తొలగిపోలేదు. శవయాత్రయు పెండ్లి యూరేగింపును వీథిలో నెదురుపడినచో, శవము తొలగి పెండ్లికూతునకు త్రోవ యీయవలెను. అగ్రిప్ప రాజు తానే పెండ్లికూతునకు త్రోవ యిచ్చెననియు, అందులకు పండితులు మెచ్చుకొనిరనియు చెప్పుదురు. రొట్టె కాల్చి, మాంసము సిద్ధపఱచి, ద్రాక్షారసము కలిపియుంచిన తరుణమున వరుని తండ్రియో వధువు తల్లియో చనిపోయినచో, శవమును ఒక గదిలో నుంచి వధూవరులను పందిటిక్రిందికి తీసికొనిపోవలెను. పిదప ఖననము, పిదప ఏడుదినములు పెండ్లివిందు, పిదప ఏడుదినముల శోకము.

మొదట వినగా నిది కఠినముగా తోచును. కాని కారణము విచారింపుడు. కొడుకునకు విందు చేయించు తండ్రి, కూతునకు నగలు కూర్చు తల్లి పోయినచో, ఆ బిడ్డలకు మరల నట్టి యేర్పాటు చేయువా రుండరు. చనిపోయినవారు కడపటిసారి తమ చేతులతో సిద్ధపఱచిన వంటను పాఱబోయుట వారికి గౌరవము కాజాలదు. ఇతర బంధువులు చనిపోయినచో నీ సడలింపు లేదు. శోకము రద్దు కాలేదు. దాని వంతు వచ్చువఱకు వేచియున్నది.

పండుగ వచ్చిన మాత్రము శోకమే తొలగవలెను. ఏడుదినములు ప్రారంభమైన పిదప పస్కావంటి మహోత్సవము వచ్చినచో మిగిలిన దినములు కొట్టివేయబడును. విశ్రాంతిదినమున, అనగా శుక్రవారము సాయంకాలము మొదలు శనివారము రాత్రివఱకు, బహిరంగశోకము కూడదు. చినిగిన వస్త్రము మార్చి, చెప్పులు తొడిగి, అందఱితోపాటు ప్రార్థనకు పోవలెను. ఆ దినము ఏడింటిలో లెక్కకు వచ్చును. మనసున దుఃఖము లేదని నటింపుమని శాస్త్రము చెప్పదు. ఒక్కదినము నీ దుఃఖమును ఇతరుల సంతోషముపై మోపకుమని మాత్రమే చెప్పును.

ఇంతకంటె సూక్ష్మమైన సంగతి యొకటి. తండ్రి చనిపోయి యాస్తి సంక్రమించిన కుమారుడు రెండు స్తుతులు చెప్పవలెను: చెడువార్త విన్నప్పుడు చెప్పునది మొదటిది, మేలు కలిగినప్పుడు చెప్పునది రెండవది. ఒక్కని గుండెలో ఒక్క గడియలోనే రెండుభావము లుండవచ్చునని శాస్త్ర మొప్పుకొన్నది. ఆస్తికి సంతోషించినందుకు దుఃఖము బూటకము కాలేదు. దుఃఖించినందుకు ఆస్తి అక్కఱలేనిదియు కాలేదు. ఈ సంగతిని పైకి చెప్పుకొనలేక లోలోన సిగ్గుపడి, ఆ సిగ్గును అన్నదమ్ముల వ్యాజ్యములుగా మార్చుకొను కుటుంబములు ఎన్నిలేవు!

సంవత్సరచక్రమునందును ఈ తూకము కలదు. ఆవ్ మాసము తొమ్మిదవదినము రెండు ఆలయముల నాశమునకు శోకదినము. దానికి మూడువారములు ముందునుండి పెండ్లిండ్లు నిలుచును. ఆ దినమున సాయంకాలము మొదలు మఱునాటి రాత్రివఱకు నిరాహారులై, నేలపై కూర్చుండి విలాపవాక్యములు చదువుదురు. శాస్త్రపఠనము హృదయమును సంతోషపెట్టును గనుక ఆ దినమున ధర్మశాస్త్రము చదువుటయు కూడదు. అయినను మధ్యాహ్నము దాటగనే బల్లలపై కూర్చుండవచ్చును; శోకపు బిగువు కొంత సడలును. ఆఱుదినములు గడచి పదునేనవదినము రాగా నది ప్రాచీనకాలమున గొప్ప యానందదినము. యెరూషలేము కన్యలు తెల్లనిబట్టలు కట్టుకొని ద్రాక్షతోటలలో నాట్యమాడుచుండిరని మిష్నా యను స్మృతిగ్రంథము చెప్పుచున్నది. ఆ బట్టలు ఎరవు తెచ్చుకొన్నవై యుండవలెను. బట్ట లేని పిల్ల సిగ్గుపడకుండుటకై, ఉన్న పిల్లయు ఎరవుబట్టయే కట్టవలెనని నియమము. చావున నవిసెనారబట్ట, వేడుకలో నెరవుబట్ట: రెంటను ఒకే దయ పనిచేసినది.

ఇచ్చట మా చదువరు లొక యాక్షేపణము చేయుదురు. హృదయమునకు లెక్క కట్టవచ్చునా? ముప్పదియొకటవనాడు కన్నీరు ఆగుమన్న నాగునా? దీనికి బదులు ఆ శాస్త్రమును వ్రాసినవాని జీవితముననే యున్నది. మోషే బెన్ మైమోను, మైమోనిడీసని ప్రసిద్ధుడు, 1138లో స్పెయినుదేశపు కార్డోవాలో పుట్టి, ఐగుప్తున వైద్యుడై 1204లో గతించెను. ధర్మశాస్త్రమంతయు పదునాలుగు భాగములుగా కూర్చిన మహాపండితు డాయన. చనిపోయినవారికై మితిమీఱి శోకించువాడు లోకస్వభావమెఱుగని తెలివిమాలినవాడనియు, బొత్తిగా శోకింపనివాడు క్రూరుడనియు ఆయన యందు వ్రాసెను.

ఆయనకు దావీదను తమ్ముడుండెను. అన్న చదువు సాగుటకై తమ్ముడు రత్నవ్యాపారము చేసి యిల్లు నడపుచుండెను. ఆ తమ్ముడు ఒకమారు ఎడారిని దాటి ఎఱ్ఱసముద్రతీరమున ఐధాబు రేవునకు చేరి, అచ్చట నీలిమందు తప్ప కొనదగిన సరకు లేకపోగా, మన హిందూదేశమునకు ఓడ నెక్క నిశ్చయించి యన్నకు జాబు వ్రాసెను. ఇంటివారిని భయపడనీయవలదని అందు కోరెను. కైరోనగరపు ప్రార్థనామందిరమున పాతకాగితముల గదిలో దొరికిన యా జాబు నేడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయమున కలదు. ఓడ హిందూమహాసముద్రమున మునిగినది. దావీదుతో అన్నదమ్ముల సొమ్మును ఇతరుల సొమ్మును మునిగినవి. భార్యయు చిన్న కుమార్తెయు మైమోనిడీసు పోషణలో మిగిలిరి.

ఆ వార్త విన్న పిదప మైమోనిడీసు సుమారొక సంవత్సరము జ్వరముతోను మనోవ్యాధితోను మంచము పట్టెను. ఎనిమిదేండ్లు గడచిన పిదప 1185లో ఆక్రే నగరమునందలి యొక మిత్రునకు వ్రాసిన జాబులో, తన కింకను ఓదార్పు లేదనియు, తమ్ముని చేవ్రాత కంటబడినప్పుడెల్ల గుండె తల్లక్రిందులగుచున్నదనియు ఆయన తెలిపెను. సోదరునికి ముప్పదిదినములని నిర్ణయించినవాడే ఎనిమిదేండ్లు శోకించెను.

దీనిని బట్టి శాస్త్రము వ్యర్థమందుమా? మే మట్లు తలపము. ఆయన ఎనిమిదేండ్లు లోలోన దుఃఖించినను, ఆ యేండ్లలోనే రోగులను చూచెను, శిష్యులకు చదువు చెప్పెను, జాబులకు బదులు వ్రాసెను, తమ్ముని కుటుంబమును పోషించెను. చదువునందలి యానందము లేకున్నచో తాను నశించియుందునని ఆయనయే వ్రాసికొనెను. ముప్పదిదినముల మేర కన్నీటికి కాదు, బయటి నియమములకు. లోపలి శోకమునకు శాస్త్రము ద్వారము మూయలేదు. ఇల్లంతయు దానితో నిండరాదని మాత్రము గోడపై మూరెడు చోటు చూపినది.

గుణములు చెప్పిన మేము దోషములను దాచుట న్యాయము కాదు. భర్తను పోగొట్టుకొన్న స్త్రీకి ఈ శాస్త్రమున ముప్పదిదినముల శోకము గడువగా తొంబదిదినములకు పునర్వివాహమున కధికారము కలదు. ఆ తొంబది గర్భనిశ్చయముకొఱకు మాత్రమే. వితంతువును జీవితాంతము శోకమూర్తిగా నుంచు దురాచారము అందు లేదు. ఇందులకు మేము వారిని కొనియాడుదుము. కాని భర్త యుద్ధమునో సముద్రముననో కనబడకపోయి, మరణమునకు సాక్ష్యము దొరకనిచో, ఆమె భార్యయు కాదు వితంతువును కాదు, బంధింపబడినదై యుండును. పండితులు ఒక్క సాక్షి చాలునని, స్త్రీసాక్ష్యమును చెల్లునని సడలించిరి గాని, ఆ ముడి నేటికిని పూర్తిగా వీడలేదు.

కద్దీషు చెప్పుటకును కుమారునకే యధికారమని చిరకాలము నడచినది. 1916లో అమెరికాలో హెన్రియెట్టా జోల్డు అను విదుషి తల్లిని కోల్పోయెను. హదస్సా యను స్త్రీసంఘమును 1912లో స్థాపించినది ఈమెయే. ఆమె తల్లికి ఎనిమిదిమంది కుమార్తెలు, కుమారుడు లేడు. కుటుంబమిత్రు డొకడు ఆ ప్రార్థనను తాను చెప్పెదనని దయతో ముందునకు రాగా, ఆమె కృతజ్ఞత తెలిపి, వలదనెను. కుమారుడు లేడని తన తల్లిదండ్రు లేనాడును చింతింపలేదనియు, తండ్రి పోయినప్పుడును కుమార్తెల స్థానమును పరుల కీయ తల్లి యొప్పుకొనలేదనియు, కనుక తల్లికి తానే కద్దీషు చెప్పుకొందుననియు వ్రాసెను. నేడు యూదులలో అనేక సమాజములందు కుమార్తెలును నిలిచి కద్దీషు చెప్పుచున్నారు. ధర్మమును ప్రేమించుచునే దానిని సరిదిద్దవచ్చుననుటకు ఆమె జాబు గొప్ప సాక్ష్యము.

యెహోషువ వాదము ఒక్కసారితో ముగిసినదియు కాదు. పదవ శతాబ్దమున కరాయీలను యూదశాఖలోని విరక్తులు, సీయోను శోకితులను పేరుతో యెరూషలేమున చేరి, మాంసద్రాక్షారసములు మాని శోకజీవనము గడపిరి. 1099లో క్రైస్తవ యుద్ధయాత్రికులు ఆ నగరమును పట్టుకొనుటతో వారి సంఘము చెదరిపోయెను. ఇరువదవ శతాబ్దమున హిట్లరు పాలనలో అఱువదిలక్షల యూదులు చంపబడిన పిదప ఆ ప్రశ్నయే మరల లేచినది. 1951లో ఇశ్రాయేలు శాసనసభ వారికొఱకు నీసాను మాసము ఇరువదియేడవ దినమును స్మారకదినముగా నేర్పఱచెను. నీసాను విమోచనోత్సవపు మాసము, అందు విలాపము కూడదని కొందఱు పండితులు ఒప్పుకొనలేదు. యుద్ధమున మృతులైనవారి స్మారకదినమును స్వాతంత్ర్యదినమునకు ముందుదినముననే యుంచుటయు ఆ యేటనే నిశ్చయమైనది. సాయంకాలము కాగానే సగమునకు దింపిన జెండాను పైకెత్తుదురు; శోకదినము ఉత్సవముగా మాఱును. బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి ఆ గడియను దాటుట మిక్కిలి కష్టమని అచ్చటివారే చెప్పుకొందురు. రెండువేల యేండ్ల సాధన కలిగిన జాతికిని ఈ తూకము సులభము కాలేదు.

మన తెలుగుదేశమునను, గుంటూరు జిల్లాలో చేబ్రోలుచెంత కొత్తరెడ్డిపాలెమున, తాము ఇశ్రాయేలు వంశీయులమని చెప్పుకొను బెనె ఎఫ్రాయీమను తెలుగు కుటుంబములు విశ్రాంతిదినము పాటించుచున్నవి. కనుక నీ ధర్మము మనకు బొత్తిగా పరాయిది కాదు. అయినను యూదుల యాచారములను ఇతరు లనుకరింపవలెనని మేము చెప్పుట లేదు. ఏ జాతి యాచారము ఆ జాతి గాయమునుండి పుట్టును. మనము గ్రహింపవలసినది వా రడిగిన ప్రశ్నలను. ఈ కట్టుబాటు బీదవానిని సిగ్గుపఱచుచున్నదా? ఇది సామాన్య గృహస్థుడు మోయగల బరువేనా? శోకించువానిని ఇది ఒంటరిని చేయుచున్నదా, తోడివారి నడుమకు తెచ్చుచున్నదా? తాను తప్పించుకొని ఇతరులకు విధించుచున్నవాడు ఎవడైన నున్నాడా? కర్మఖర్చుకై అప్పుచేయు ప్రతికుటుంబమును, పసివితంతువును పండుగనాడు గదిలో కూర్చుండబెట్టు ప్రతికుటుంబమును ఈ నాలుగు ప్రశ్నలు వేసికొనదగును.

యెహోషువ ముందర నిలిచిన విరక్తులు చెడ్డవారు కారు. పోయినదానిని మఱవరాదనియే వారి తపన. ఆయనయు మఱవుమని చెప్పలేదు. ఇల్లు కట్టుకొమ్మనెను, సున్నము పూసికొమ్మనెను, గుమ్మమున కెదురుగా మూరెడు చోటు విడువుమనెను. ఆ యింట బిడ్డలు పుట్టిరి, ఆడుకొనిరి, పెండ్లిండ్లు చేసికొనిరి. ఆ చోటేల యట్లున్నదని వారడిగినప్పుడు పెద్దలు కథ చెప్పిరి. ఆలయము పోయి పందొమ్మిది శతాబ్దములు దాటినను ఆ కథ పోలేదు, ఆ యింటి నవ్వును పోలేదు.